29 వారాలకు పుట్టిన మేనకోడలు: రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానమన్నారు, రెండు రోజులకే యాంటీబయాటిక్స్ ఆపేస్తామంటున్నారు

మిర్యాలగూడ_మేనమామ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా చెల్లికి 29 వారాలకే కాన్పయింది. ఆడపిల్ల, 1140 గ్రాములు. శుక్రవారం మధ్యాహ్నం ఉమ్మనీరు పోవడం మొదలైంది, ఆదివారం తెల్లవారుజామున పిల్ల పుట్టింది. నల్గొండలో నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఎస్‌ఎన్‌సీయూలో పెట్టారు. పుట్టిన గంటలోపే రక్తం తీసి, క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్‌కు పంపారు, వెంటనే ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చని అనుమానం అన్నారు. ఇవాళ సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, రేపటికి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఆ మందులు ఆపేస్తామని చెప్పారు.

మాకు అర్థం కానిది ఇదే. పెద్దవాళ్లకు జ్వరం వస్తేనే అయిదు రోజుల కోర్సు ఇస్తారు. అరచేతిలో పట్టేంత పిల్లకు రెండు రోజులేనా? ఆశ వదిలేసుకున్నారా? ఇంకో ప్రశ్న. ఎవరూ ముట్టుకోకముందే పిల్లకు ఇన్ఫెక్షన్ ఎక్కడినుంచి వస్తుంది? మా చెల్లి అత్తగారేమో "ఏడో నెలలో పెళ్లికని బస్సెక్కి దేవరకొండ పోయావు, అందుకే" అని బాలింతను ఏడిపిస్తున్నారు. బావ వాళ్లన్న హైదరాబాద్ తీసుకుపోదామని పట్టుబడుతున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_ఎక్స్‌ప్రెస్ · సోమవారం రాత్రి 9:30

ఆపనివ్వకండి అన్నా. మా ఆఫీసులో ఒకాయన పిల్లాడికి ప్రైవేటులో పది రోజులు ఇచ్చారు, ఇప్పుడు బాగున్నాడు. సర్కారు దవాఖానలో బెడ్లు ఖాళీ చేయడానికే ఇలా అంటారు.

సిస్టర్_దేవరకొండ · సోమవారం రాత్రి 9:51

తమ్ముడూ, నేను నవజాత శిశువుల వార్డులోనే పనిచేస్తాను, మీ ఆసుపత్రిలో కాదులే. జడ్చర్ల అన్నా, బెడ్డు ఖాళీ చేయడానికి ఎవరూ మందు ఆపరు. 1140 గ్రాముల పిల్ల మందు ఆపినా అక్కడే ఉంటుంది, బరువు పెరిగేదాకా ఎవరూ పంపరు.

ముందు ఇవి చెప్పు. పిల్ల ఊపిరి సొంతంగా తీసుకుంటోందా, వెంటిలేటర్ మీద ఉందా? ఒళ్లు చల్లబడుతోందా? షుగర్ పడిపోయిందన్నారా? పాలు పడుతున్నాయా, పొట్ట ఉబ్బిందా? సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగేది) ఒక్కసారే చేశారా, మళ్లీ చేశారా? వీటిని బట్టే ఆపడమా, కొనసాగించడమా అన్నది ఉంటుంది.

మిర్యాలగూడ_మేనమామ · సోమవారం రాత్రి 10:08

అక్కా, ముక్కు దగ్గర గొట్టాలతో గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ పెట్టారు, వెంటిలేటర్ కాదు. గొట్టంలోంచి ఒక్కో ఎంఎల్ పాలు ఇస్తున్నారు, నిలుస్తున్నాయి. షుగర్ బాగానే ఉందట. సీఆర్‌పీ నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి చేశారు, రెండూ తక్కువే.

పిల్లల_డాక్టర్_తెలంగాణ · సోమవారం రాత్రి 11:20

పిల్లను నేను చూడలేదు కాబట్టి మీ డాక్టరు నిర్ణయం మీద తీర్పు చెప్పను. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి అది వదిలేయడం కాదు. ఎలా చేయాలో అలాగే చేస్తున్నారు.

ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు. పుట్టిన 72 గంటల్లోపు బయటపడే రక్త ఇన్ఫెక్షన్‌ను మేము తొలి రోజుల సెప్సిస్ అంటాం. ఇందులో సూక్ష్మక్రిములు ఎక్కువగా తల్లి జననమార్గం నుంచే పైకి వెళ్తాయి. ఉమ్మనీటి సంచి చిరిగాక దారి తెరుచుకున్నట్టే. చిరిగి 18 గంటలు దాటితే మేము జాగ్రత్తపడతాం. మీ చెల్లికి ఒకటిన్నర రోజు దాటింది. కానీ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చాలాసార్లు సంచి చిరగకముందే క్రిములు లోపలికి చేరి ఉంటాయి, ఆ వాపు వల్లే సంచి చిరుగుతుంది, నొప్పులు ముందే వస్తాయి. అంటే నెలలు నిండకముందే పుట్టడం వల్ల ఇన్ఫెక్షన్ రావడమే కాదు, ఇన్ఫెక్షన్ వల్లే నెలలు నిండకముందు పుట్టడమూ ఉంటుంది. దీనికీ దేవరకొండ బస్సుకూ సంబంధం లేదు. అత్తగారికి ఇది చదివి వినిపించండి.

ఇదే 29 వారాల పిల్ల, తల్లికి బీపీ పెరిగిందని నొప్పులు రాకుండానే, ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఆపరేషన్ చేసి తీస్తే ఈ ప్రమాదం బాగా తక్కువ. అలాంటి పిల్లలకు కొన్నిసార్లు యాంటీబయాటిక్ మొదలే పెట్టం.

ఇక ఇంత చిన్నపిల్లలకు ఎందుకింత భయపడతామంటే, తల్లి రక్తంలోని రక్షక ప్రతిదేహాలు మాయ గుండా బిడ్డకు ఎక్కువగా చేరేది చివరి నెలల్లోనే. 29 వారాలకు అందులో కొంత భాగమే చేరుతుంది. చర్మం పల్చగా ఉంటుంది, తెల్లరక్తకణాల నిల్వ తక్కువ. ఇన్ఫెక్షన్ నిజంగా ఉంటే గంటల్లో పరిస్థితి చేయిదాటిపోతుంది. పైగా లక్షణాలు మోసం చేస్తాయి. జ్వరం రాదు, ఒళ్లు చల్లబడుతుంది. ఏడవదు, మందకొడిగా పడుకుంటుంది. అందుకే రిపోర్టు కోసం ఆగకుండా ముందే మందు మొదలుపెడతాం. అలా మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమందికి చివరకు ఇన్ఫెక్షన్ లేదని తేలుతుంది. అమెరికాలో 2018, 2019లలో 22 నుంచి 29 వారాల మధ్య, లేదా ఒకటిన్నర కిలోలలోపు బరువుతో పుట్టిన 84 వేలమంది పిల్లల లెక్క తీస్తే, తొలి మూడు రోజుల్లో కల్చర్‌లో రుజువైంది వెయ్యికి 13, 14 మందికే.

మరి లేనివాళ్లకు మందు ఎందుకు కొనసాగించాలి? కల్చర్‌లో ఏమీ లేకపోయినా అయిదు రోజులు, అంతకు మించి ఇచ్చిన చిన్నపిల్లల్లో పేగు కుళ్లే జబ్బు, మరణాలు ఎక్కువగా కనిపించాయని అధ్యయనాలున్నాయి. కడుపులో మంచి బ్యాక్టీరియా ఊపిరి పోసుకునే రోజులివి, వాటినే చంపేస్తాం. పిల్ల బాగుండి, కల్చర్ 36 నుంచి 48 గంటలు శుభ్రంగా ఉంటే ఆపేయడమే మంచిది.

జడ్చర్ల_ఎక్స్‌ప్రెస్ · మంగళవారం ఉదయం 6:40

డాక్టర్ గారూ, కల్చర్ తప్పు చెప్పదా? మా ఊళ్లో ల్యాబు రిపోర్టులు చూసే చెబుతున్నా. ఒకచోట పాజిటివ్, ఇంకోచోట నెగటివ్.

నారాయణపేట_ల్యాబ్ · మంగళవారం ఉదయం 7:15

నేను మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. మీ అనుమానం తప్పేం కాదు, కానీ కల్చర్ తప్పేది ఎక్కడో తెలుసుకోవాలి. వెచ్చటి పాలలో తోడు వేసి పెట్టినట్టే, రక్తాన్ని పోషకాల సీసాలో వేసి వెచ్చగా ఉంచుతాం. క్రిములుంటే పెరుగుతాయి. రక్తం బొట్టుడే వేస్తే అందులో క్రిమి పడకపోవచ్చు. అందుకే పిల్లలకు కనీసం ఒక ఎంఎల్ తీయాలంటారు. 1140 గ్రాముల పిల్ల ఒంట్లో మొత్తం రక్తం వంద ఎంఎల్ అటూఇటుగా ఉంటుంది, అందులో ఒక ఎంఎల్ అంటే తక్కువేం కాదు. తీసేవాళ్లకు చేయి వణుకుతుంది, అర ఎంఎల్‌తో సరిపెడతారు, అక్కడే తంటా. సరిపడా రక్తం ఉంటే ఆటోమేటిక్ మిషన్లలో నిజమైన క్రిములు చాలావరకు 24 నుంచి 36 గంటల్లోనే బయటపడతాయి.

రెండో తప్పు, చర్మం మీది క్రిములు సీసాలోకి రావడం. చర్మాన్ని మందుతో తుడిచి, ఆరనివ్వకుండా సూది గుచ్చితే వచ్చేదే అది. అప్పుడు పాజిటివ్ వచ్చినా పిల్లకు జబ్బు లేనట్టే. మీ ఊరి రిపోర్టుల తేడా బహుశా అదే.

సీఆర్‌పీని పుట్టగానే ఒక్కసారి చేసి వదిలేస్తే పెద్దగా ప్రయోజనం లేదు. ఇన్ఫెక్షన్ మొదలయ్యాక అది పెరగడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. మీవాళ్లు మర్నాడు మళ్లీ చేశారు, రెండూ తక్కువే. అది మంచి సంకేతం.

మిర్యాలగూడ_మేనమామ · మంగళవారం ఉదయం 8:02

ఒక సందేహం. మా చెల్లికి కాన్పుకు ముందే ఏవో యాంటీబయాటిక్ గోళీలు, నాలుగు ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ మందు పిల్ల రక్తంలోకి పోయి కల్చర్‌ను దాచేస్తుందా?

పిల్లల_డాక్టర్_తెలంగాణ · మంగళవారం ఉదయం 8:45

మంచి ప్రశ్న. ఆ అవకాశం కొంత ఉంది, అందుకే కల్చర్ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోం. పిల్ల ఊపిరి, బీపీ, పాలు అరగడం, సీఆర్‌పీ, అన్నీ కలిపి చూస్తాం. పిల్ల నిజంగా నలతగా ఉంటే కల్చర్ ఖాళీగా ఉన్నా మందు కొనసాగిస్తాం.

ఆ నాలుగు ఇంజెక్షన్లు బహుశా డెక్సామెథసోన్. 12 గంటలకొకటి చొప్పున ఇస్తారు, బిడ్డ ఊపిరితిత్తులు పక్వమవ్వడానికి. పిల్ల వెంటిలేటర్ లేకుండా సీప్యాప్‌తో నెట్టుకొస్తోందంటే అవి పనిచేసినట్టే. గోళీలు ఎరిత్రోమైసిన్ అయి ఉంటాయి. నెలలు నిండకముందు ఉమ్మనీరు పోయినవాళ్లకు అదే ఇస్తాం. కొందరు చేతికి దొరికిన అమాక్సిసిలిన్-క్లావులనేట్ రాసేస్తారు, ఈ సందర్భంలో దానివల్ల పిల్లకు పేగు జబ్బు ముప్పు పెరుగుతుందని 2001లోనే పెద్ద అధ్యయనం తేల్చింది.

పాలమూరు_అమ్మ · మంగళవారం ఉదయం 11:30

మా బాబుకు కల్చర్ పాజిటివ్ వచ్చింది, కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. 30 వారాలకు పుట్టాడు. నాకు నీరు కారుతుంటే మా ఊరి ఆర్‌ఎంపీ మూత్రం ఆగట్లేదని గోళీలిచ్చి పంపాడు. బట్ట తడుస్తూనే ఉంది. మహబూబ్‌నగర్ చేరేసరికి నాకు జ్వరం, నీరు వాసన.

బాబు పుట్టిన రోజు బాగానే ఏడ్చాడు. రాత్రికల్లా ఒళ్లు మచ్చలు మచ్చలుగా పాలిపోయింది, ఊపిరి ఆగి ఆగి వచ్చేది. కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే క్రిమి అన్నారు. ఆంపిసిలిన్ దానికి పనిచేయదట, మందు మార్చారు. వెన్నులోంచి నీరు తీస్తామంటే మా ఆయన ఒప్పుకోలేదు, వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని ఎవరో చెప్పారు. సిస్టర్ కూర్చోబెట్టి వివరించాక సంతకం పెట్టాడు. మెదడు పొరలకు చేరిందా లేదా తెలియాలంటే అదొక్కటే దారి, చేరితే మూడు వారాలు ఇవ్వాలి, లేకపోతే రెండు వారాలు. మావాడికి చేరలేదు.

ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్నాడు, గుడ్డు ఇవ్వకపోతే టీచర్‌తో కొట్లాడతాడు. తమ్ముడూ, వద్దన్నప్పుడు కావాలని, కావాలన్నప్పుడు వద్దని మనం డాక్టర్లతో వాదిస్తాం. మీ పిల్ల రిపోర్టు శుభ్రంగా వస్తే సంతోషించండి.

సాగర్_నాయనమ్మ · మంగళవారం మధ్యాహ్నం 1:05

మనవడు టైపు చేసి పెడుతున్నాడు. బిడ్డా, ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్లే నిలవదు అని మా పెద్దలు చెప్పేవాళ్లు. భయపడకు. ఇంటికొచ్చాక గాడిద పాలు ఒక ఉగ్గుగిన్నెడు పోయండి, ఊపిరికి మంచిది. మా వీధికి వస్తారు అమ్మేవాళ్లు.

సిస్టర్_దేవరకొండ · మంగళవారం మధ్యాహ్నం 2:20

నాయనమ్మా, ధైర్యం చెప్పినందుకు దండం. కానీ ఏడో నెల పిల్ల కన్నా ఎనిమిదో నెల పిల్లే గట్టిది, ప్రతి వారమూ పిల్లకు బలమే. ఇక గాడిద పాలు మాత్రం వద్దమ్మా. కాచకుండా పోస్తారు, ఆ పొదుగుకూ ఆ గిన్నెకూ ఉన్న క్రిములన్నీ పిల్ల పేగుల్లోకి పోతాయి. తేనె, వసకొమ్ము, గ్రైప్ వాటర్, సాంబ్రాణి పొగ కూడా అంతే.

తమ్ముడూ, మీ చెల్లి పాలు పిండుతోందా? ఈ గొడవలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మిర్యాలగూడ_మేనమామ · మంగళవారం మధ్యాహ్నం 2:41

మొదటి రోజు పాలు పసుపుగా, జిగటగా ఉన్నాయని అత్తగారు పారబోయించారట అక్కా. ఇప్పుడు పైన వార్డులో పడుకుని ఉంది, పిల్లను ఒకసారే చూసింది.

సిస్టర్_దేవరకొండ · మంగళవారం మధ్యాహ్నం 3:10

అయ్యో. ఆ పసుపు పాలే కావాలి. ఇవాళ్టి నుంచైనా రెండు మూడు గంటలకోసారి, రాత్రిపూట కూడా, చేత్తో పిండి శుభ్రమైన గిన్నెలో పట్టి పంపమను. నాలుగు చుక్కలొచ్చినా పంపమను, వాటిని పిల్ల బుగ్గల లోపల రాస్తాం. చేతులు మోచేతులదాకా సబ్బుతో కడగాలి, ఉంగరం, గాజులు తీసేయాలి. మా వార్డులో గాజులు తీయమంటే బాలింత గాజులు తీయొద్దని పెద్దలు తగవుకొస్తారు. పైకి జరిపి గుడ్డ కట్టుకోమని రాజీ కుదురుస్తాం కానీ, అది నాకు ఇష్టం లేని రాజీ.

కంగారూ పద్ధతి గురించి డాక్టరమ్మను అడుగు. తల్లి ఛాతీ మీద పిల్లను వేసి కట్టడం. 2021లో వెలువడిన అధ్యయనంలో, మన దేశంతో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రుల్లో, ఒక కిలో నుంచి 1.8 కిలోలలోపు పిల్లలకు పుట్టగానే మొదలుపెట్టి చూశారు. ముందు పిల్ల స్థిమితపడనివ్వాలని ఆగినవాళ్లలో నూటికి దాదాపు 16 మంది చనిపోతే, వెంటనే మొదలుపెట్టినవాళ్లలో 12 మంది. ఇన్ఫెక్షన్ అనుమానాలూ తగ్గాయి. సీప్యాప్ మీద ఉన్నా చేయించవచ్చు.

నకిరేకల్_ఆశా · మంగళవారం సాయంత్రం 5:30

పాలమూరు అక్క చెప్పిన సంగతి మా దగ్గర కూడా జరుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే చెబుతున్నా. మూత్రమైతే ఆపుకోవచ్చు, ఉమ్మనీరు ఆపుకున్నా ఆగదు. శుభ్రమైన తెల్ల గుడ్డ పెట్టుకుని చూడండి, తడుస్తూ ఉంటే అదే. రేపు చూద్దాం అనొద్దు, 108కు ఫోన్ చేయండి. పీహెచ్‌సీలో ఆగి ఒకరు, ఏరియా ఆసుపత్రిలో ఆగి ఇంకొకరు లోపల చేయి పెట్టి పరీక్షలు చేయించుకోవడం కూడా మంచిది కాదు, ప్రతిసారీ క్రిములు పైకి పోయే ముప్పు ఉంటుంది. నెలలు తక్కువైతే నేరుగా పిల్లల వార్డున్న పెద్దాసుపత్రికే.

మిర్యాలగూడ_మేనమామ · మంగళవారం రాత్రి 8:15

అప్‌డేట్. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఆ రెండు ఇంజెక్షన్లు ఆపేశారు. చెల్లి పాలు పంపుతోంది. బావ వాళ్లన్న మాత్రం హైదరాబాద్ మాట వదలట్లేదు, ప్రైవేటు అంబులెన్స్ కూడా మాట్లాడాడు.

పిల్లల_డాక్టర్_తెలంగాణ · మంగళవారం రాత్రి 10:05

ఎందుకు తీసుకెళ్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పమనండి. అక్కడ లేనిది ఏదైనా పిల్లకు అవసరమైతే, పొట్ట ఆపరేషనో, గుండె సమస్యో, పెద్ద వెంటిలేటరో, అప్పుడు నిలోఫర్‌కో మరో పెద్దాసుపత్రికో వాళ్లే రాసి పంపుతారు. ఊరికే పేరున్న చోటుకని వంద కిలోమీటర్లు విజయవాడ హైవే మీద తిప్పితే పిల్ల చల్లబడుతుంది, సీప్యాప్ కదులుతుంది, కొత్త వార్డులో కొత్త క్రిములు. పంపాల్సిందే ఉంటే తల్లి కడుపులో ఉండగానే పంపాలి, ఆ అవకాశం ఆదివారంతో అయిపోయింది.

కొత్త క్రిముల మాట ఎందుకన్నానంటే, అమెరికాలో తొలి రోజుల సెప్సిస్‌కు ఈ-కోలై, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ప్రధాన కారణాలు. మన దగ్గర కథ వేరు. ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా 13 వేలకు పైగా పిల్లలను గమనించారు. నూటికి ఆరుగురికి కల్చర్‌లో రుజువైంది, మొత్తం సెప్సిస్ కేసుల్లో మూడింట రెండు వంతులు మొదటి 72 గంటల్లోనే. మొదటి స్థానం అసినెటోబాక్టర్‌ది, తర్వాత క్లెబ్సియెల్లా, ఈ-కోలై. తొలి రోజుల్లోనూ, ఆ తర్వాతా ఇంచుమించు అవే క్రిములు. అంటే వీటిలో చాలా వరకు తల్లి నుంచి కాదు, కాన్పు గది నుంచి, చేతుల నుంచి, గొట్టాల నుంచి వస్తున్నాయన్నమాట. అసినెటోబాక్టర్‌లలో నూటికి 80కి పైగా అనేక మందులకు లొంగనివి. అనవసరంగా పది రోజులిచ్చే అలవాటు కూడా వీటిని పెంచి పోషిస్తోంది. జడ్చర్ల మిత్రమా, ఇది మీకే.

మిర్యాలగూడ_మేనమామ · శుక్రవారం రాత్రి 11:50

ఎవరైనా మేలుకొని ఉన్నారా? పిల్లకు సాయంత్రం నుంచి రెండుసార్లు ఊపిరి ఆగింది. తట్టగానే మళ్లీ తీసుకుంది. మళ్లీ రక్తం తీశారు. మందు ఆపడం వల్లేనా?

జడ్చర్ల_ఎక్స్‌ప్రెస్ · శుక్రవారం రాత్రి 11:58

నేను మొదటే చెప్పాను.

సిస్టర్_దేవరకొండ · శనివారం రాత్రి 12:10

జడ్చర్ల అన్నా, ఈ వేళప్పుడు ఆ మాట అవసరమా?

తమ్ముడూ, ఈ వయసు పిల్లల్లో ఊపిరి ఆగడం మేము రోజూ చూస్తాం. మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా పక్వం కాలేదు. దానికే కెఫీన్ ఇస్తారు. అయినా ఇన్ఫెక్షన్‌కూ ఇదే గుర్తు కావచ్చు, అందుకే రక్తం తీశారు. పొట్ట, రంగు, షుగర్ ఎలా ఉన్నాయో పొద్దున అడుగు.

పిల్లల_డాక్టర్_తెలంగాణ · శనివారం ఉదయం 6:15

మూడు రోజులు దాటాక వచ్చే ఇన్ఫెక్షన్ సాధారణంగా వార్డులో అంటుకున్న కొత్తది. ఆపేసిన ఆంపిసిలిన్ దాన్ని అడ్డుకునేది కాదు. అయిదు రోజులు ఇచ్చి ఉన్నా ఇదే పరీక్ష చేయాల్సి వచ్చేది, పైగా మందులకు లొంగని క్రిమి దొరికే అవకాశం పెరిగేది.

మిర్యాలగూడ_మేనమామ · సోమవారం ఉదయం 10:30

రెండో కల్చర్ కూడా ఖాళీ. కెఫీన్ మోతాదు పెంచారు, శనివారం తర్వాత ఊపిరి ఆగలేదు. పాలు పెంచుతున్నారు. నిన్నటి నుంచి చెల్లి కంగారూ పద్ధతిలో పెట్టుకుంటోంది. మూడోసారి అత్తగారే అడిగి తన ఛాతీ మీద వేయించుకున్నారు, దేవరకొండ బస్సు మాట ఇప్పుడు ఎత్తట్లేదు. కంటి పరీక్ష నెలకు చేయిస్తామని మా పక్క బెడ్డువాళ్లు అంటున్నారు. మాకూ అంతేనా?

సిస్టర్_దేవరకొండ · సోమవారం ఉదయం 11:05

మీకు నెల కాదు. పుట్టిన బరువు 1200 గ్రాముల లోపు కాబట్టి రెండు నుంచి మూడు వారాల మధ్యే రెటీనా పరీక్ష చేయాలి. తేదీ కేస్ షీట్ మీద రాయించుకో. జెంటామైసిన్ తీసుకుంది కదా, దానివల్ల వినికిడి దెబ్బతినొచ్చు, చెవి పరీక్ష కూడా డిశ్చార్జికి ముందే అడుగు.

జడ్చర్ల_ఎక్స్‌ప్రెస్ · సోమవారం ఉదయం 11:40

అన్నా, పిల్ల బాగుంది, అదే చాలు. మా ఆఫీసాయన పిల్లాడికి చెవి పరీక్ష ఎవరూ చెప్పలేదట, ఇవాళే అడిగాను. వాళ్లది మహబూబ్‌నగర్. ఇప్పుడు ఏడాది దాటింది, ఎక్కడికి పోవాలి సిస్టర్?

సిస్టర్_దేవరకొండ · సోమవారం మధ్యాహ్నం 12:15

జిల్లా కేంద్రంలో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే సర్కారు కేంద్రం ఉంటుంది, ఉచితం. డిశ్చార్జి చీటీ పట్టుకుపోమనండి, జెంటామైసిన్ ఎన్ని రోజులిచ్చారో అందులో ఉంటుంది. ఏడాది దాటింది కాబట్టి ఈ వారంలోనే పోతే మంచిది.